ఆర్గాన్‌తో పాటు అమ్మాయి

“ఇప్పటికి ముగ్గురు పారిపోయారు. నువ్వు నాలుగోవాడివి” అంది వీబ్కే, తలుపు తీస్తూనే.

గుమ్మంలో నిలబడ్డ మార్టెన్ నవ్వాడు. ఆ బాల్టిక్ రేవులోని పెద్ద చర్చిలో ఆర్గాన్ వాయించే కొలువు కోసం వచ్చాడతను. షరతు తెలిసే వచ్చాడు. ఆ కొలువు కావాలంటే, దిగిపోతున్న వాద్యకారుడి కూతుర్ని పెళ్లి చేసుకోవాలి. తరతరాలుగా ఊరి పద్ధతి అది. వీబ్కే తండ్రి క్రోగర్ కూడా అలా వచ్చినవాడే. భార్య ముఖం సంతకం పెట్టాకే చూశాడు.

ఆ క్రోగర్ ఇప్పుడు జర్మన్ రాజ్యాలన్నిటికీ తెలిసిన స్వరకర్త. డెబ్భై దాటాయి. ఆదివారం ఆరాధన ముగించి, చర్చిలో ఆర్గాన్ ఉన్న మేడ దిగేసరికి చొక్కా తడిసి ముద్దయ్యేది, ఊపిరి అందేది కాదు. ఈ చలికాలం ఆయన కన్నుమూస్తే, చర్చివాళ్లిచ్చిన ఇంట్లోంచి ముప్ఫై నాలుగేళ్ల వీబ్కే నేరుగా వీధిలోకే.

ఊరంతా ఆమెను చూసి అయ్యో పాపం అనేది. ఆరేళ్ల కిందట ముసలాయన తిత్తులు తొక్కే కూలీలను మాన్పించి, ఆ పని కూతురికి అప్పగించాడు. ఆర్గాన్‌కు గాలి అందించే ఆ తిత్తుల దగ్గర మగవాళ్లే గంటసేపు నిలవలేరు. మేడ మీదికి ఇంకెవర్నీ రానిచ్చేవాడు కాదు. కన్నకూతుర్ని గానుగెద్దును చేశాడని ఆడవాళ్లు మెటికలు విరిచేవారు.

ఇలాంటప్పుడు వచ్చిన సంబంధాన్ని కళ్లకద్దుకోవాలా, వద్దా? వీబ్కే నోరు మాత్రం ఊరుకోదు.

“నాకు కోపం ఎక్కువ. వంట రాదు. గురక పెడతాను” అంది, ఉప్పుచేపల పళ్లెం బల్ల మీద టపీమని పెడుతూ.

“నాది మొద్దు నిద్ర. వినపడదు.”

“నీకంటే పదేళ్లు పెద్దదాన్ని.”

“ఆర్గాన్ నాకంటే వందేళ్లు పెద్దది. దాంతో కాపురం చేద్దామనే కదా వచ్చాను!”

“అంత పిచ్చేమిటయ్యా నీకు?”

మార్టెన్ గొంతు మారింది. “పోయిన ఆదివారం చివరి వరసలో కూర్చుని విన్నానండీ. సిగ్గు విడిచి ఏడ్చాను. ఆ చేతులు కదిలిన చోట నా చేతులు పెట్టుకోనిస్తే చాలు, మీరు రాక్షసైనా చేసుకుంటాను.”

వీబ్కే చేపల పళ్లెం అతని ముందుకు జరిపింది.

మర్నాడు పరీక్ష. తిత్తులకు మనుషుల్ని నగరసభే పంపింది. మార్టెన్ బ్రహ్మాండంగా వాయించాడు. పెద్దలు బీరు తెప్పించారు. అతను కాగితం మీద సంతకం పెట్టి వీబ్కే వైపు తిరిగాడు.

“ఇక మీకా తిత్తుల బాధ వద్దు. కూలీలను పెట్టిస్తాను. పైవారం నుంచి మీరు ఆ మేడ మెట్లెక్కే పనే లేదు.”

“బంగారంలాంటి మాటన్నాడు! నీ చెర వదిలింది తల్లీ” అన్నాడు నగరసభ పెద్ద.

వీబ్కే బొటబొటా కన్నీళ్లు కార్చింది. ఆనందం పట్టలేక ఏడుస్తోందనుకున్నారు అందరూ.

ఆ ఆదివారం క్రోగర్ ఆఖరి కచేరీ. చర్చి కిటకిటలాడింది. ముసలాయన తన జన్మలో ఇంత గొప్పగా వాయించలేదని జనం చెవులు కొరుక్కున్నారు. మొదటి వరసలో మార్టెన్ కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.

పైన మేడ మీద ముసలాయన రొప్పుతూ తిత్తులు తొక్కుతుంటే, ఆరేళ్లుగా వంగని ఆయన వేళ్లకు బదులు ఎప్పటిలాగే పీట మీద కూర్చుని వీబ్కే వాయిస్తోంది.