గురువమ్మ నోటి ఉపవాసం

"వంజరం ఎంతమ్మా?"

గురువమ్మ పలకలేదు.

"నిన్నే. ఎంత?"

గురువమ్మ పెదవులు బిగించి, గంపలో చేపల మీద నీళ్లు చిలకరించింది.

పక్క గంప దగ్గర కూర్చున్న సీతాలు పకపకా నవ్వింది. "ఓలమ్మో! హార్బరు మైకు మూగబోనాది! ఏటే గురువమ్మా, నోట్లో ఇసక పోసుకున్నావేటి?"

దానికి బదులు గురువమ్మ నాలిక చివరే ఉంది. మింగేసింది.

మర్నాడు భస్మ బుధవారం. నీసు మానే నలభై రోజుల శ్రమల దినాలకు మనసు సిద్ధం చేసుకోమని పాస్టరుగారు ఒక్కొక్కరికి ఒక్కో నియమం పెట్టారు. గురువమ్మకు పెట్టింది నోటి ఉపవాసం. ఇవాళ పొద్దు గుంకేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. సైగలు కూడా మాటల కిందే లెక్క. నెగ్గితే ఈ ఏడు మొదటి ప్రార్థన కూడిక ఆమె ఇంట్లో. ఓడితే ఎప్పటిలాగే సంఘంలో డబ్బున్న ఇంద్రజ మేడ మీద. గురువమ్మ అప్పుడే గుమ్మానికి రంగు కూడా వేయించేసింది.

"కోపమొచ్చిందా ఏంటి?" అన్నాడు బేరానికొచ్చినాయన. స్టీల్‌ప్లాంటులో షిఫ్టు దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు. "సరే, నిన్నటి ధరే ఇస్తాను."

గురువమ్మ సముద్రం వైపు చూసింది.

"పోనీ, ఇంకో యాభై."

గురువమ్మ ఆకాశం వైపు చూసింది.

"అబ్బ, గట్టిదానివే! వంద. ఇంక నోరెత్తకు" అని డబ్బు పడేసి చేప పట్టుకుపోయాడు.

సీతాలు నవ్వు ఆగిపోయింది. గురువమ్మ చేత ఎలాగైనా మాట్లాడించాలని దగ్గరకు జరిగింది.

"ఓలే, మొన్న నీ కోడలు పులుసు ఎట్టింది. నీ సేతి పులుసు కన్నా బాగున్నాదే!"

గురువమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. కొంగు తీసి నోట్లో కుక్కుకుంది.

ఆ కొంగు చూసి తరవాత వచ్చినవాళ్లు మరీ బెదిరారు. పాపం, ఎంత గిట్టుబాటు కాకపోతే అలా ఏడుపు ఆపుకుంటోందో అనుకుని, అడక్కుండానే పెంచి ఇచ్చి వెళ్లారు. చూస్తుండగానే గంప ఖాళీ అయింది. ఒక్క పెద్ద వంజరం మిగిలింది.

అప్పుడొకాయన బండి ఆపి, హెల్మెట్టు తీయకుండానే వంగి చూశాడు.

"ఇది చచ్చి వారమైనట్టుందే!"

గురువమ్మ ఒళ్లు మండిపోయింది. తెల్లారి పడవలోంచి దిగిన చేప! మొప్ప ఎత్తి ఎర్రదనం చూపించబోయి, సైగ కూడా మాటేనని గుర్తొచ్చి, చెయ్యి చేప మీదే ఆపేసింది.

"కంపు కూడా కొడుతోంది" అన్నాడాయన.

ఈసారి సీతాలే ఆగలేకపోయింది. "ఏటయ్యా, ముక్కుకి హెల్మెట్టెట్టుకుని కంపంటావేటి? మా గురువమ్మ కుళ్లు సేప అమ్మదు! ఓలే, నువ్వు తిడతావా, నన్ను తిట్టేమంటావా?"

గురువమ్మ కొంగును ఇంకాస్త లోపలికి తోసుకుంది.

హెల్మెట్టాయన దగ్గాడు. "సరే, మంచి చేపే. ఎంత?"

గురువమ్మ చెయ్యి చేప మీదే ఉంది.

"అందరూ ఇచ్చినంత ఇస్తాను."

చెయ్యి కదల్లేదు.

"ఇంకో వంద."

కదల్లేదు.

"నా దగ్గర ఉన్నదంతా ఇదే" అంటూ ఆయన రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు.

గురువమ్మ చేపను తన వైపు ఇంకాస్త జరుపుకుంది.

ఆయన నెత్తి మీది ఎండను చూశాడు. పొద్దు గుంకడానికి ఇంకా చాలా టైముంది. ఇక లాభం లేదని హెల్మెట్టు తీసేశాడు.

"మొదటి కూడిక మీ ఇంట్లోనే గురువమ్మా, ఉపవాసం ఇంతటితో చాలు" అంటూ పాస్టరుగారు రెండు చేతులూ జోడించారు. "ముందు ఆ చేప మీంచి చెయ్యి తియ్యి తల్లీ, రేపట్నించి మా ఇంట్లో నీసు ఉండదు!"