ముక్కుసూటి వ్యాఖ్యలు

“వంటలన్నీ దాచుకోమ్మా. ఆ ‘ముక్కుసూటి’ రాసినవి మాత్రం తీసెయ్,” అన్నాడు ఉమామహేశ్వరం, కుర్చీ అంచున కూర్చుని.

స్టెల్లా కంప్యూటర్ మీంచి తల తిప్పింది. ఆమె నడిపిన ‘యానాం వంటిల్లు’ సైటు నెలాఖరుకు మూతపడుతోంది. ఊళ్లోవాళ్లు పెట్టిన వంటలూ, ఫొటోలూ, వాటి కింద జనం రాసిన వ్యాఖ్యలూ రేపటివాళ్లకు పనికొస్తాయని భద్రపరుస్తోంది.

“తిట్టయినా ఎవరి రాతా తియ్యనండి బాబాయిగారూ. పిన్నిగారు తియ్యమంటే అప్పుడు చూద్దాం.”

పిన్నిగారంటే ఆయన భార్య సత్యవతమ్మ. ఒకప్పుడు సైటులో ఆవిడ పెట్టే వంటలకు ఊరంతా ఎగబడేది. పక్కనున్న మెట్టకూరు టీకొట్లో సైతం ఆయన్ని “సత్యవతమ్మగారి ఆయన” అనేవారు. అంతలో వ్యాఖ్యల్లో ముక్కుసూటి అనే మారుపేరు దాపురించింది. ‘పప్పుచారులో ఉప్పెక్కువ. ఈ చేత్తో ఊరికి నేర్పడం కూడానా?’ అని ఒకసారి. ‘చింతచిగురు రొయ్యల్లో ఉప్పే లేదు. ఫొటోకే అందం’ అని ఇంకోసారి. ఆ రొయ్యల కూరతో ఆవిడ రాయడం మానేసింది. ఇద్దరే ఉండే ఆ ఇంట్లో వంట మాత్రం సాగింది. బాగుందని గానీ బాగోలేదని గానీ అన్న పాపాన పోకుండా ఆయన తిని లేచేవాడు.

ఇప్పుడు ఆవిడ గరిటె పట్టుకుంటే చాలు, ఆయనకు ముద్ద దిగదు.

“మళ్లీ అవి చూస్తే తట్టుకోలేదమ్మా. నేను అప్పుడే ఆపాల్సింది. తప్పు నాదే,” అన్నాడు.

స్టెల్లాకు జాలేసింది. ఎవడో రాస్తే మీరేం చేస్తారండి అని ఓదార్చింది. ఆ ఓదార్పుకు ఆయన తల ఇంకా వాలిపోయింది.

ఇల్లు వీధి చివరే. ఆయన వద్దనేలోపే స్టెల్లా ఫోన్ చేసింది, సత్యవతమ్మ వచ్చేసింది. సంగతంతా నిలబడే వింది.

“ఉంచమ్మా. ఒక్కటీ తియ్యకు.”

“బాధనిపించదాండి?”

“బాధేనమ్మా, ఎందుకుండదు? కానీ ఆ రాసింది అబద్ధం కాదు. ఆవేళ రొయ్యల్లో నిజంగానే ఉప్పు మర్చిపోయాను.”

ఉమామహేశ్వరం తలెత్తలేదు. ఆవిడ పక్క కుర్చీ లాక్కుని, ఆయన భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా అంది.

“ఫొటోలో ఉప్పు తెలీదు కదండీ.”