అర చుట్టు

"బండి మళ్లీ దగ్గుతోందని వాడికి చెప్పు," అన్నాడు తండ్రి, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"నాకూ చెవులున్నాయని ఆయనకి చెప్పు," అన్నాడు కొడుకు, మెట్ల కింద బండి మీద కూర్చునే.

గుమ్మంలో నిలబడిన తల్లి ఇటు చూసింది, అటు చూసింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్లిపోయింది.

కొడుకు బండికి కొత్త సైలెన్సరు, దానికి తోడు డబ్బా లేని ఎయిర్ ఫిల్టరు బిగించుకొచ్చిన రోజు నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. యాక్సిలరేటర్ వదిలితే చాలు, బండి ఠాప్ ఠాప్‌మని పేలుతోంది. సిగ్నల్ దగ్గర ఆపితే ఏకంగా ప్రాణం వదిలేస్తోంది. ఆదివారం లోగా దగ్గు మానకపోతే పాత సైలెన్సర్ మళ్లీ బిగించాల్సిందేనని తండ్రి తీర్పు చెప్పాడు. కొడుకు రోషం కొద్దీ సరే, పందెమేనన్నాడు. నిజానికి ఆ సైలెన్సరంటే వాడికి ప్రాణం. రోజూ దాన్ని తుడవడానికి విడిగా ఒక గుడ్డ ఉంది. ఆ గుడ్డను ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు.

ఇవాళ శనివారం.

"ఆ ఫిల్టర్‌తో గాలి ఎక్కువ వస్తుందనే పెట్రోలు వెళ్లే జెట్ పెద్దది వేశాను కదా, సరిపోవాలే," అన్నాడు ఫోన్లో మెకానిక్. "కార్బురేటర్ పక్కన స్క్రూ చూపించాను చూడు, అది బయటికి తిప్పావా? అర చుట్టు అర చుట్టుగా తిప్పుతూ దగ్గు ఆగినచోట వదిలెయ్యమన్నాను."

"సాయంత్రం తిప్పుతున్నానన్నా. దగ్గు ఆగిపోతోంది. పొద్దున్నకి మళ్లీ మామూలే. మూడు రోజులుగా ఇదే తంతు. అందుకే నిన్న స్క్రూ తల మీద అమ్మ గోళ్లరంగుతో గీత పెట్టాను. ఇప్పుడు చూస్తే గీత వెనక్కి తిరిగి ఉంది."

మెకానిక్ గొంతు తగ్గించాడు. "స్క్రూలు వాటంతట అవి తిరగవు తమ్ముడూ. ఇంట్లో నువ్వంటే గిట్టనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

కొడుకు వరండా వైపు చూశాడు. "ఒకాయన ఉన్నాడు. పేపర్ చదువుకుంటున్నాడు."

ఆ సాయంత్రం మళ్లీ తిప్పాడు. బండి దగ్గు మానింది. ఆదివారం ఇంకా సరిగ్గా తెల్లవారకముందే లేచి, బాత్‌రూమ్ కిటికీ వెనక టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకుని కాపు కాశాడు. ఒళ్లు మండిపోతోంది. పందెం గెలవడానికి కన్నతండ్రి ఇంతకు దిగజారతాడని వాడు కలలో కూడా అనుకోలేదు.

తండ్రి వచ్చాడు. బనీను, లుంగీ, ముక్కు మీద కళ్లద్దాలు, చేతిలో స్క్రూడ్రైవరు. మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. పెట్రోల్ ట్యాంకును ఓసారి తట్టాడు. తర్వాత స్క్రూ అర చుట్టు తిప్పాడు.

"దొరికావు నాన్నా," అన్నాడు కొడుకు, నురగ నోటితోనే బయటికొచ్చి.

తండ్రి ఉలిక్కిపడ్డాడు గానీ కట్టు తప్పలేదు. వంటింటి కిటికీ వైపు మెడ తిప్పాడు. "ఏమేవ్, నేనేం దొంగతనం చెయ్యట్లేదని వాడికి చెప్పు."

తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బండి చెడగొట్టి గెలుద్దామనా?" అన్నాడు కొడుకు.

"చెడగొట్టడం కాదు, బాగు చేస్తున్నానని చెప్పు. గాలి ఎక్కువై దగ్గుతోంది దానికి. బుధవారం నుంచి చీకటితోనే లేచి వాడి బండికి గాలి తగ్గిస్తున్నాను. రోజూ అర చుట్టు, లోపలికి."

"లోపలికా?"

"నా పాత బండికి ఉన్నన్నాళ్లూ అలాగే తిప్పానని చెప్పు."

కొడుకు నోరు కడుక్కొచ్చి తండ్రి పక్కనే కూర్చున్నాడు. "నీ బండికి ఆ స్క్రూ ఫిల్టర్ వైపు ఉండేది నాన్నా. అది గాలి స్క్రూ. లోపలికి తిప్పితే గాలి తగ్గేది. దీనికి ఇంజను వైపు ఉంది, చూడు. ఇది పెట్రోలు స్క్రూ. లోపలికి తిప్పితే పెట్రోలే తగ్గిపోతుంది."

తండ్రి కళ్లద్దాలు సర్దుకుని ఫిల్టర్ చూశాడు, ఇంజను చూశాడు, ఆఖరికి స్క్రూ చూశాడు.

"అంటే ఇద్దరూ ఒకటే పని చేస్తున్నారు, చెరో వైపు తిప్పుతూ," అంది తల్లి. "కొత్తేముంది?"

కొడుకు తండ్రి మోకాళ్ల వైపు చూశాడు. కుర్చీలోంచి లేవాలంటేనే ఆపసోపాలు పడే మనిషి, మాట్లాడని కొడుకు సైలెన్సర్ కోసం రోజూ చీకట్లో నేల మీద కూర్చున్నాడు. ఆ మనిషినా తను అనుమానించింది? వాడికి చచ్చేంత సిగ్గేసింది. స్క్రూ మళ్లీ బయటికి తిప్పి బండి స్టార్ట్ చేశాడు. యాక్సిలరేటర్ ఇచ్చి వదిలాడు. ఒక్క పేలుడు లేదు. ఇంజను వెన్నలా తిరుగుతోంది.

తండ్రి ముఖం విప్పారింది. వెంటనే దాన్ని సర్దేసుకున్నాడు.

కొడుకు బండి ఆపేసి లేచాడు. "నువ్వే గెలిచావు నాన్నా. నీకు నచ్చని మోత ఈ ఇంట్లో వద్దు. ఇప్పుడే కొత్తది ఊడదీసి పాత సైలెన్సర్ బిగించేస్తాను. స్టోర్‌రూమ్‌లోనే పెట్టాను, తెస్తా."

"అక్కర్లేదని చెప్పు," అన్నాడు తండ్రి.

"లేదు, తెస్తాను."

"దగ్గు పోయిందిగా. ఆ కొత్తదే ఉండనిమ్మని చెప్పు."

కొడుకు కళ్లు చెమర్చాయి. స్టోర్‌రూమ్ తలుపు గడియ తీశాడు.

తండ్రి రెండు చేతులూ నేలకు ఆనించి, కష్టం మీద లేచి నిలబడ్డాడు. "ఏమేవ్," అన్నాడు గోడ వైపు తిరిగి, "మంగళవారం ఇల్లు సర్దుతూ చూసుకోకుండా దాన్ని పాత ఇనప సామాన్లవాడికి వేసేశానని వాడికి చెప్పు."