తెరిచిన సీసా

“ఇప్పుడెలా ఉంది నొప్పి?”

“సగానికి సగం తగ్గింది సార్. అంతా సిస్టరమ్మ చేతి చలవ” అన్నాడు మంచం మీది తాపీమేస్త్రీ.

పెద్దడాక్టరు చప్పట్లు కొట్టాడు. వెనక ఉన్న నలుగురు స్టూడెంట్లూ ఎందుకో తెలియకుండానే నవ్వారు.

“దొరికావయ్యా దొంగా! పొద్దున నీకు వేసింది మందు కాదు, ఉప్పునీళ్ళు! రాత్రి ఇంటికెళ్ళేముందు ఎవరికీ చెప్పకుండా ట్రేలో నీలంమూత సీసాలోని మందు పారబోసి నేనే నింపాను. ఉప్పునీళ్ళకి తగ్గేది నొప్పేనటయ్యా?”

మేస్త్రీ మొహం పాలిపోయింది. నడుముకు ఆపరేషనై నాలుగు రోజులే. పక్కనున్న భార్య లేచి నిలబడింది.

“రెండో అంతస్తు మీంచి పడ్డప్పుడే కిక్కురుమనలేదు బాబూ ఈయన. నాటకాలు చేతకావు.”

“నువ్వాగమ్మా!”

పెద్దడాక్టరుకి నొప్పి గురించి బాగా తెలుసు. నొప్పించడం గురించి ఇంకా బాగా తెలుసు. స్టూడెంట్ల వైపు తిరిగాడు.

“నొప్పి కబురు వెన్నుపాము గుండా మెదడుకి పోవాలి. దారిలో నరానికీ నరానికీ మధ్య ఓ గేటుందనుకోండి. అసలు మందు ఆ గేటు మూస్తుంది. కబురు అక్కడే ఆగిపోతుంది. ఉప్పునీళ్ళు ఏం మూస్తాయి? ఇతగాడి నోరు కూడా మూయలేవు! వెన్నులో నరాలు హాయిగానే ఉన్నాయి. బాధంతా నరంలేని నాలుకదే!”

ఈసారి తెలిసే నవ్వారు.

“నొప్పంటే నాదీ! పొద్దున కారు దిగేసరికి విల్లులా వంగిపోయాను. సిస్టర్ ఇదే మందు ఒక్క సూది వేసింది. పది నిమిషాల్లో బాణంలా నిలబడ్డాను. మందేదో, మంచినీళ్ళేదో నా వెన్నుకు తెలుసు.”

పెన్ను తీశాడు. ‘నటిస్తున్నాడు. సూదులు ఆపి ఈ పూటే ఇంటికి పంపాలి’ అని రాయబోతూ, “సిస్టర్, ఆ నీలంమూత సీసా ఇటివ్వు. వీళ్ళకి సాక్ష్యం చూపిస్తా” అన్నాడు.

నర్సు ట్రేలోంచి సీసా తీసి ఇచ్చింది.

“ఖాళీగా ఉందేం? ఇతనికి వేసింది సగమేగా?”

“మిగతా సగం మీకే వేశాను సార్. తెరిచిన సీసా అయిపోయేదాకా కొత్తది తెరవొద్దని మీరేగా ఆర్డరేశారు!”

పెన్ను జారి కింద పడింది. తీద్దామని వంగిన పెద్దడాక్టరు, విల్లులా అలాగే ఉండిపోయాడు.