రేపల్లె వారి రైలు కూత

"గార్డు నిద్రలేవట్లేదు బాబాయ్!"

శేషాచలానికి అలాగే వినపడింది.

తెనాలిలో నాటిక పోటీలు. రేపల్లె సమాజానికి ఆయనే దర్శకుడు. నాటిక మొత్తం రైల్వే ప్లాట్‌ఫాం మీదే. గార్డు లేకపోతే రైలు కదలదు, రైలు కదలకపోతే కథ కదలదు.

చెంబెడు నీళ్లు తెచ్చి, గార్డు వేషంలో బల్లమీద నడుం వాల్చిన చెంచురామయ్య మొహాన కొట్టాడు.

అతికించిన మీసం జారి గడ్డమైంది.

"మెలకువగానే ఉన్నాను మొర్రో!"

"గార్డు కాదు బాబాయ్, కార్డు! సౌండ్ కార్డు!" సౌండు చూసే సుష్మ పరుగెత్తుకొచ్చింది. "అన్నానికి వెళ్తూ ల్యాప్‌టాప్ మూశాను. కునుకు తీసింది. ఇప్పుడది లేచింది గానీ, దానికి తగిలించిన ఈ పెట్టె లేవట్లేదు. ఇది లేవకపోతే స్పీకర్లలో ఏ సౌండూ రాదు!"

"రైలుకి స్లీపరుంటుంది గానీ, రైలు కూతే స్లీపరెక్కితే ఎట్లాగమ్మా!"

ఇంతలో మైకు అరిచింది. "రేపల్లె వారు వెంటనే తెర తీయాలి. లేకుంటే నాటిక రద్దు."

తెర లేవలేదు, కార్డు లేవలేదు. శేషాచలం బి.పి. లేచింది.

వైర్ల పక్కన ఒక నెరిసిన జుట్టాయన, మెడలో తువ్వాలుతో నిలబడి చూస్తున్నాడు.

"ఏమయ్యా మైకుసెట్టూ! చోద్యం చూస్తున్నావా? ఇటు రా!"

ఆయన వెంటనే వచ్చాడు. పెట్టె వైరు పీకి, కాసేపాగి, ల్యాప్‌టాప్‌కున్న ఇంకో కన్నంలో గుచ్చాడు.

పెట్టె మీది దీపం వెలగలేదు.

"అయిపోయింది," అని కూలబడ్డాడు శేషాచలం. "పొద్దున బాపట్లవాళ్లు ఇరగదీశారంట. నేను చూళ్లేదు, చూస్తే కాళ్లూ చేతులూ ఆడవని. ఇప్పుడు మేం ఆడకపోతే కప్పు వాళ్ల ఒళ్లో పడ్డట్టే. ఆడామా, బాపట్ల పట్లన్నీ విడగొట్టేస్తాం!"

"అంత బాగా ఆడతారాండి?" ల్యాప్‌టాప్ మీంచి చూపు తిప్పకుండా అడిగాడాయన.

"ఆఖరి సీన్లో మా చెంచురామయ్య పచ్చజెండా ఊపితే రాళ్లు కూడా ఏడుస్తాయి!"

"అయితే చూడాల్సిందేనండి."

ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో ఎక్కడికో వెళ్లాడు. "ఇదిగోనమ్మా, కరెంటు ఆదా అని కంప్యూటరే ఈ పెట్టెను ఆపేస్తోంది. ఈ టిక్కు తీసేద్దాం." అక్కడే పెట్టెను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేశాడు.

నీలం దీపం వెలిగింది.

స్పీకర్లలో రైలు కూసింది. హాలు ఉలిక్కిపడింది. శేషాచలం మాత్రం కాశీ దాకా వెళ్లొచ్చినంత సంబరపడ్డాడు.

"ఆట అయ్యేదాకా మూత దించొద్దమ్మా," అన్నాడాయన.

"సరే సరే, మా వాళ్లకి టీలు పట్రా!"

తెచ్చాడు. అందరికీ అందించాడు. ఆఖరి సీన్లో పచ్చజెండా ఊగుతుంటే, తెర చాటున నిలబడి తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు.

కప్పు రేపల్లెకు వచ్చింది. రెండో బహుమతి బాపట్లకు. వాళ్ల నటి క్రిస్టినా వచ్చి అందుకుంది.

శేషాచలం తనకు కప్పిన శాలువా చేత్తో పట్టుకుని మైకు ముందుకొచ్చాడు. "కప్పు మాది, కానీ ఈ శాలువా కప్పాల్సింది మైకుసెట్టాయనకి! రావాలి!"

తెనాలి మైకుసెట్టు ఏసుబాబు సిగ్గుపడుతూ వేదికెక్కాడు.

"నువ్వు కాదయ్యా! మీ మనిషే, మెడలో తువ్వాలు, నెరిసిన జుట్టు... మా పెట్టెను లేపి, టీలు కూడా తెచ్చాడు!"

"మా దాంట్లో అట్టాంటాయన ఎవరూ లేరండి."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

క్రిస్టినా మెల్లగా మైకు దగ్గరికొచ్చింది.

"ఆయన ఇందాకే రైలెక్కేశారండి. మీ నాటిక అవగానే, 'ఫస్టు రేపల్లెదేనమ్మా, సెకండు నువ్వెళ్లి తీసుకో' అని నాకు చెప్పి వెళ్లారు."

శేషాచలం చేతిలో శాలువా అలాగే ఉండిపోయింది.

"ఆయన ప్రకాశం గారండి, మా బాపట్ల నాటిక డైరెక్టరు."