కొన్న ధరకే

ఇస్త్రీ బండివాడు నవ్వుకుంటూ షేర్ల ఆఫీసు మెట్లు దిగుతుంటే, ఎదురుగా కొట్లో ఉన్న దర్జీకి కడుపు మండింది.

"ఏంట్రా, ఆ పళ్ళికిలింపు?"

"నా హైడ్రోజన్ షేర్లు అమ్మేశానన్నా!"

"ఆ చిత్తుకాగితాలా? ధర సగానికి పడిపోయింది కదరా!"

"నేను కొన్న ధరకే తీసుకున్నాడన్నా మూగదొర. దమ్మిడీ తగ్గించలేదు."

దర్జీ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. సూది వేలిలో దిగింది.

మూగదొర ఎక్కడివాడో వీధిలో ఎవరికీ తెలియదు. ఈమధ్యే ఆఫీసు పక్క మేడమీద గది అద్దెకు తీసుకున్నాడు. మెడకు మఫ్లరు, నలగని చొక్కా. ఎంత పలకరించినా తల ఊపుతాడే గానీ నోరు విప్పడు. అన్నీ సైగలే. గొంతు పోయిందని కొందరన్నారు, పొగరని కొందరన్నారు. పేరు మాత్రం దర్జీ పెట్టిందే.

అసలు ఆ షేర్ల పిచ్చి వీధికి రేడియో అంటించింది. దర్జీ మిషను పక్కన రేడియో పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. కిందటేడు అందులోంచే వచ్చింది ఆ మాట. "నీళ్ళే రేపటి నిప్పు! మీ వంతు ఇప్పుడే అందుకోండి!" నీళ్ళలోంచి గ్యాసు తీస్తారట, దాంతో బళ్ళు నడుస్తాయట, పొగే ఉండదట. ఇంట్లో పెద్దన్నయ్య పక్కన కూర్చుని చెప్పినట్టు చెప్పింది ఆ గొంతు. కొట్టు గది సొంతానికి కొనుక్కుందామని దాచిందంతా దర్జీ అందులో పోశాడు. ఇస్త్రీవాడు పోశాడు. ఆసుపత్రి ఆయా పోసింది.

ధర కాస్త పెరగ్గానే పెద్దవాళ్ళు చాలామంది అమ్ముకుని చల్లగా జారుకున్నారు. దిగబడింది వీళ్ళు. ఎప్పుడూ దిగబడేది వీళ్ళే.

"ఏమయ్యా, మనవీ ఆయనకిచ్చెయ్యి," అంది భార్య, కాజాలు కుడుతూ. "గది ఓనరు నెలాఖరు దాకానే ఆగుతానన్నాడు. తర్వాత వేరేవాళ్ళకి అమ్మేస్తాడట. మనం వీధిలో పడతాం."

"ఇచ్చేసి? వాడు కోటీశ్వరుడైతే, వాడి కోట్లకి గుండీలు కుట్టమంటావా?"

"ఎందుకవుతాడు?"

"బజార్లో సగానికి దొరికేదాన్ని పూర్తి ధర పెట్టి ఎవడైనా కొంటాడా? వాడికి లోపలి కబురేదో తెలుసు. నోరు జారుతుందనే మూగవేషం!"

"తెలిస్తే తెలిసింది. మన డబ్బు మనకొస్తుంది కదా."

"నీకర్థం కాదే."

ఆవిడకి అర్థం కానిదేం లేదు. మొగుడికి తను మునిగినా ఫరవాలేదు, పక్కవాడు తేలకూడదు. అంతే సంగతి.

మర్నాడు ఆఫీసు గుమస్తాను పట్టుకుని గుచ్చి గుచ్చి అడిగాడు దర్జీ.

"ఎన్ని కొన్నాడు?"

"పెద్దవాళ్ళవి వద్దంటాడు. మీలాంటి చిన్నవాళ్ళవే కావాలట. మీవి కూడా అడగమని ఒకటే సైగలు."

'చిన్నవాళ్ళయితే తేలిగ్గా బుట్టలో పడతారు మరి,' అనుకున్నాడు దర్జీ.

సాయంత్రం మూగదొర స్వయంగా కొట్లోకి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. అప్పుడే రేడియోలో, చాన్నాళ్ళకి మళ్ళీ, నీళ్ళే రేపటి నిప్పన్నారు. మూగదొర గబుక్కున చెయ్యి చాపి రేడియో కట్టేశాడు.

"ఏయ్! నా రేడియో ఆపడానికి నువ్వెవడివి?"

దర్జీకి చప్పున వెలిగింది. కంపెనీ పుంజుకుంటోంది. ఆ ముక్క నా చెవిన పడితే అమ్మనని వీడి భయం!

మూగదొర సంచి బల్లమీద పెట్టి ముందుకు తోశాడు. నిండా డబ్బు. చేతులు జోడించాడు. కళ్ళలో నీళ్ళు.

ఇస్త్రీ మడత నలగనివాడు తనముందు చేతులు జోడించడం! దర్జీ ప్రాణం హాయిగా ఊగింది.

"అమ్మను. నా గుమ్మం దిగు."

అంతటితో ఆగితే దర్జీ ఎందుకవుతాడు? మర్నాడు మిషను తాకట్టు పెట్టి, షేర్ల ఆఫీసు మెట్లమీద కాపు కాశాడు. ఆసుపత్రి ఆయా వస్తోంది.

"పిన్నీ, ఆ మూగాడికెందుకు? నాకియ్యి. వాడికన్నా కాస్త ఎక్కువే ఇస్తా."

"నిజంగానే? నీ కడుపు చల్లగుండ, నాయనా!"

ఆ రాత్రి దర్జీ హాయిగా గుర్రుపెట్టాడు. భార్య తాకట్టుపోయిన మిషను చోటు కేసి చూస్తూ కూర్చుంది.

వారం తిరక్కుండా కంపెనీ మూతపడింది. గ్యాసు తియ్యడానికి కాలే కరెంటు ఖరీదు, వచ్చే గ్యాసు ఖరీదును మించిపోయిందట. ఈ సంగతి కంపెనీ వాళ్ళకి మొదటినుంచీ తెలుసట. ఆ షేర్లు ఇక పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తాయి.

దర్జీ కాసేపు నెత్తి పట్టుకు కూర్చున్నాడు. తర్వాత ఒక సంగతి తట్టి లేచి నిలబడ్డాడు.

వాడూ మునిగాడు! నాకన్నా లోతుగా మునిగాడు!

మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. గది తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం లేదు, కుర్చీ లేదు, గోడకి గడియారం లేదు. అమ్మగలిగిందల్లా అమ్మేసినట్టున్నాడు. మాసిన చొక్కాతో, చిన్న మూటతో మూగదొర బయటికొస్తున్నాడు.

"ఏం దొరా! లోపలి కబురు బోల్తా కొట్టిందా? పోన్లే, మునగడానికి తోడున్నావ్!"

మూగదొర ఆగాడు. మఫ్లరు విప్పి మూటలో పెట్టుకున్నాడు.

"మీవి నాకు ఇచ్చేసి ఉండాల్సింది, తమ్ముడూ," అన్నాడు మెల్లగా, మెట్లు దిగిపోతూ.

దర్జీ గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు; కిందటేడు తన మిషను పక్కన పెద్దన్నయ్యలా కూర్చుని, నీళ్ళే రేపటి నిప్పని చెప్పిన గొంతు అది.