అమ్మకు చెప్పిన సినిమా

అమ్మకు చూపు పోయిన దగ్గర్నుంచి ఆదివారం మధ్యాహ్నాలు కూతురే ఆమెకు కళ్లు. టీవీలో పాత సినిమా పెట్టి, తెర మీద జరిగేదంతా పక్కన కూర్చుని చెబుతుంది. అమ్మకు నచ్చేది ఒక్కతే, నలుపు తెలుపుల కాలం నాటి ఓ హాలీవుడ్ నటి.

"ఇప్పుడేం చేస్తోందే?"

"మొగుడు తిడుతున్నాడు. కిటికీ వైపు తిరిగి చేతి తొడుగు సర్దుకుంటోంది."

"అదీ నటనంటే. మిగతావాళ్లు వాళ్లే ఏడ్చేస్తారు. ఈవిడ ఏడుపు మనకు వదిలేస్తుంది."

ఆఖరి సీనులో ఆ నటి ఓడ మీద కుర్చీలో ఒరిగిపోయి ప్రాణం విడిచింది. కూతురు ఎప్పటిలాగే, "ఓడ ఒడ్డుకు చేరిందమ్మా. నవ్వుతూ దిగుతోంది," అంది.

అమ్మ చిన్నగా నవ్వింది.

"పెళ్లికి ముందు నేను సినిమా హాల్లో టికెట్లు చింపేదాన్ని. ఇది పదకొండుసార్లు చూశానే. ఆవిడ ఒడ్డు చేరదు."

కూతురి మొహం పాలిపోయింది. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వంత ముచ్చటగా బతికిస్తుంటే కాదనబుద్ధి కాలేదు." అమ్మ తడుముకుంటూ కూతురి మణికట్టు పట్టుకుంది. "ఇవాళ మాత్రం మళ్లీ పెట్టు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

కూతురు చెప్పింది. వాలిన తల, జారిపోయిన శాలువా, చుట్టూ ఎవరూ గమనించకపోవడం, అన్నీ చెప్పింది.

అమ్మ తలాడించింది.

"బాగా చెప్పావు. మొన్న డాక్టరు నిన్ను పక్కకు పిలిచి నా గురించి ఏమన్నాడో, అది కూడా ఇలాగే చెప్పు."